నెవిల్ వేసిన తీగ

అక్టోబరు 3, గురువారం

ఇది కొత్త డైరీ కాదు. గడియారాల షాపు మూసేశాక రాయడానికేమీ లేక వదిలేసిన పాత డైరీలో ఖాళీ పేజీలు. ఇవాళ డీహెచ్ 2 మోడల్ కట్టడం మొదలుపెట్టాను కాబట్టి మళ్లీ తెరిచాను.

1916 నాటి ఫైటర్ విమానం. ఇంజను, ప్రొపెల్లర్ పైలట్ వీపు వెనకాల ఉంటాయి. తోక దాకా ఒళ్లంటూ లేదు. నాలుగు సన్నటి బొంగులు, వాటిని బిగించి పట్టుకున్న తీగలు. రెక్కల మధ్య ఇంకా బోలెడు తీగలు. నేను కడుతున్నది నూట నలభై నాలుగో వంతు సైజు. ఈ రెక్క కొస నుంచి ఆ రెక్క కొసకు అరవై మిల్లీమీటర్లు. అగ్గిపెట్టె కంటే ఓ పిసరు పెద్దది.

మోడళ్లు కట్టేవాళ్ల క్లబ్బులో చెప్పాను. నెవిల్ ప్రాట్ ఊరుకుంటాడా. ముప్పై ఏళ్లు బస్సు నడిపిన మనిషి, రొట్టె సైజు ట్యాంకులు తప్ప ఇంకోటి కట్టడు. ఏం గడియారం, ఈసారి దోమకు కోటు కుడుతున్నావా అన్నాడు. నీ ట్యాంకులు గుడ్డివాడు కూడా తడుముకుని కట్టేయగలడు పోవోయ్ అన్నాను. అందరూ నవ్వారు.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఇంటికి వస్తుంటే అమ్మ గుర్తొచ్చింది.

కళ్ల పరీక్షకు రమ్మని లెటర్ వచ్చింది. మా ఆవిడ డోరీన్ దాన్ని ఫ్రిజ్‌కు అంటించింది. నవంబరు 16న క్లబ్బు షో, అది అయ్యాక వెళ్తానన్నాను. రెండేళ్లుగా ఏదో ఒకటి అయ్యాకే వెళ్తానంటున్నావు రోలీ అంది.

అక్టోబరు 6

రెక్కలు, బొంగులు అతికాయి. పదహారో ఏట గడియారాల పనిలో మా గురువుగారు నేర్పిన పద్ధతే. కుడి కంటికి భూతద్దం బిగించు, ఎడమ కన్ను మూసెయ్, ఊపిరి వదిలాకే చెయ్యి కదుపు. యాభై రెండేళ్లుగా నా కుడి కన్నే నాకు అన్నం పెట్టింది. ఎడమది దారి చూసుకోవడానికి, పేపరు చదువుకోవడానికి.

అక్టోబరు 9

మొదటి తీగలు. కిట్ ముక్కలను పట్టి ఉంచే ప్లాస్టిక్ చట్రాన్ని కొవ్వొత్తి మీద వేడిచేసి లాగితే వెంట్రుక కంటే సన్నటి దారం వస్తుంది. అదే తీగ. వదులైతే అగరుబత్తి నిప్పు దగ్గరగా పెట్టాలి, చటుక్కున బిగుసుకుంటుంది.

ఇవాళ బిగుసుకోలేదు. ప్రతి తీగకూ మధ్యలో చిన్న వంపు. ఎనిమిది వేశాను, ఎనిమిదీ పీకేశాను. చెమ్మ వల్ల అయ్యుంటుంది. మూడు రోజులుగా వాన.

ఇల్లంతా చర్చిలా కంపు కొడుతోందని డోరీన్ కిటికీలు తీసింది. తీగలు చూపించాను. నాకు తిన్నగానే ఉన్నాయి కదా అంది. ఆవిడకు గోడ మీద బొమ్మ వంకరగా ఉన్నా తెలియదు.

అక్టోబరు 10

క్లబ్బు. ప్లాస్టిక్ బాగాలేదన్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ వ్యవహారం అన్నాడు నెవిల్. నవ్వాను. లోపల మండింది.

అక్టోబరు 15

ప్లాస్టిక్‌కు దండం పెట్టేశాను. పాత ఇయర్‌ఫోన్ వైరు విప్పితే లోపల రాగి పోగులు దొరికాయి. పోగును అద్దం పలక మీద పెట్టి స్టీలు రూలరు కింద దొర్లిస్తే బాణంలా తిన్నగా వస్తుంది. ఆ రూలరు మా గురువుగారిది.

రూలరు కింద నుంచి తీసి చూస్తే అదే వంపు. కుక్క తోకే నయం. కానీ రాగి ప్లాస్టిక్ లాంటిది కాదు, చెప్పినమాట వింటుంది. ట్వీజర్స్‌తో మధ్యలో సుతారంగా నొక్కాను. తిన్నగా అయింది. దానికి జబ్బు తెలిసింది, మందు దొరికింది. సంతోషంగా ఉంది.

అక్టోబరు 22

కొత్త భూతద్దం వచ్చింది. తేడా లేదు.

అక్టోబరు 27, ఆదివారం మధ్యాహ్నం

డోరీన్ బీఫ్ కోస్తూ, అత్తయ్యకు చూపు తగ్గడం ఏ వయసులో మొదలైందో గుర్తుందా అని అడిగింది. గుర్తులేదన్నాను. అబద్ధం.

అమ్మకు అరవై ఎనిమిదో ఏట. ఎవరికీ చెప్పలేదు. మెట్లెన్ని, ఏ డబ్బాలో ఏముంది, తలుపు గొళ్లెం ఎంత ఎత్తులో ఉంది, అన్నీ బట్టీపట్టేసింది. ఏడాది పాటు మేమెవరమూ కనిపెట్టలేదు. ఓ ఆదివారం నా ప్లేటులో గ్రేవీ అనుకుని టీ పోసింది. పోసి, సరిపోయిందా నాన్నా అంది. సరిపోయిందన్నాను. తిన్నాను కూడా. ఆమె ముఖం సరిగ్గా నా వైపు లేదు, నా చెవి వైపు ఉంది.

మాతో చెప్పనందుకు చాలా ఏళ్లు కోపం పెట్టుకున్నాను. అప్పట్లో దానికి మందు లేదు. ఇప్పుడుందట, కాకపోతే మొదట్లోనే వెళ్లాలి. నెవిల్ వాళ్ల అక్కకు ఇచ్చారు.

నాకిప్పుడు అరవై ఎనిమిది. నా కళ్లు బాగానే ఉన్నాయి. పేపరు చదువుతున్నాను, కారు నడుపుతున్నాను. వంకర తీగల్లో ఉంది, నాలో కాదు.

నవంబరు 2

ఇరవై రెండు తీగలూ అయిపోయాయి. ప్రతిదాన్నీ మధ్యలో నొక్కి, సరిదిద్ది, మళ్లీ చూసి. నా జన్మలో ఇంత తిన్నటి పని చేయలేదు. షాపులో ఉండగా కూడా చేయలేదు.

డోరీన్‌ను పిలిచాను. తన కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది. అన్నీ ఇలాగే ఉండాలా అని అడిగింది. ఉండాలన్నాను.  చేతులు తుడుచుకుని, బంగాళదుంపలు చెక్కు తీయడానికి వెళ్లింది. చేతులు తడిగా లేవు.

నవంబరు 3, ఉదయం 11

ఆవిడ మాట అరిగి చావలేదు. సరే, నిరూపిద్దామని గురువుగారి రూలరు తెచ్చి తీగ వెనక పెట్టాను. భూతద్దంలో చూశాను.

తీగ తిన్నగా ఉంది. రూలరు వంగింది.

నవంబరు 4

నా రూలరుతో పెయింటు డబ్బా మూత తీశావా అని డోరీన్ మీద అరిచాను. అసలు ముట్టుకోలేదంది. ముట్టుకోకుండా స్టీలు ఎలా వంగుతుందన్నాను. రూలరు తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లింది, అంచు మీదుగా చూసింది, నా చేతికి ఇచ్చేసింది. లెటర్ ఇంకా ఫ్రిజ్ మీదే ఉంది రోలీ అంది, మెల్లగా. పోట్లాడినా బాగుండేది.

రూలరును డ్రాయర్‌లో అన్నిటికంటే అడుగున పెట్టాను. అడుగునే ఎందుకు పెట్టానో రాయను.

నవంబరు 7

క్లబ్బుకు వెళ్లలేదు. జలుబని చెప్పించాను.

నవంబరు 12

భయంగా ఉంది. పరీక్షకు వెళ్తే చెప్తారు. చెప్పేదాకా అది లేదు. షోకు నాలుగు రోజులే.

నవంబరు 16, శనివారం, సాయంత్రం 6

షో. టేబుల్ మీద నల్ల గుడ్డ పరిచి, దాని మీద డీహెచ్ 2 పెట్టాను. జడ్జీలిద్దరూ వంగి చూశారు, ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకున్నారు, పక్క టేబుల్‌కు పోయారు.

నెవిల్ వచ్చాడు. వాడు ఏమంటాడో, నేనేమనాలో ముందే సిద్ధం చేసుకుని ఉన్నాను. వాడు వంగి చూశాడు. ఇంకోసారి వంగాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఏదో ఒకటి అను నెవిల్ అన్నాను. టీ తాగుదాం రా అన్నాడు.

రెండు చక్కెర బిళ్లలు వేసి, తనే కలిపి నా చేతికిచ్చాడు. ఇన్నేళ్లలో వాడు నాకు టీ కలపడం ఇదే మొదలు. కప్పు పుచ్చుకుని కుర్చీలో కూర్చున్నాను.

మా అక్కకు మొదట్లో తలుపు ఫ్రేములు వంగి కనిపించేవి అన్నాడు, నా వైపు చూడకుండా. వడ్రంగిని పిలిచి రెండు తలుపులు మార్పించింది పిచ్చిది అన్నాడు. నీకెప్పటి నుంచి అని అడిగాడు. తెలియదన్నాను. తెలుసు. ఈ డైరీలో ఉంది.

నవంబరు 17

భూతద్దం లేకుండా, ఎడమ కన్ను చేత్తో మూసుకుని వంటింటి టైల్స్ చూశాను. నిన్నటిదాకా ఈ పని చేయలేదు. చేయడానికి రెండు క్షణాలు పట్టింది. టైల్స్ నడుమ గీతలు నీళ్లలో పడ్డట్టు వంగాయి.

డోరీన్‌కు చెప్పాను. తెలుసంది. ఎప్పటి నుంచి అన్నాను. ఇరవై రెండు తీగలూ ఒకేచోట వంగి ఉంటే తెలియదా అంది. మరి చెప్పలేదేం అన్నాను. చెప్తే వింటావా, ఆ రూలరు వంచింది కూడా నేనేనన్నావు అంది. తర్వాత ఏడ్చింది. నేనూ.

నవంబరు 18

పొద్దున్నే కళ్ల పరీక్షకు వెళ్లాం. అక్కడి నుంచి మధ్యాహ్నానికల్లా కంటాసుపత్రికి పంపారు. కారు డోరీన్ నడిపింది.

నవంబరు 28

రెటీనా నడుమ రక్తం కారిందట. కుడి కంటికి మొదటి ఇంజెక్షన్ ఇచ్చారు. కంట్లోకే. నొప్పి కంటే అది వస్తుండగా చూడటమే ఘోరం.

డాక్టరమ్మ చిన్న వయసుది. గీతలు వంగడం మొదటిసారి ఎప్పుడు గమనించారని అడిగింది. అక్టోబరు 9 అన్నాను. ఇక్కడికి వచ్చింది నవంబరు 18న అంది. వేళ్ల మీద వారాలు లెక్కపెట్టుకోవడం చూశాను. ఆరో వేలు దగ్గర చెయ్యి కిందికి దించేసింది. మొదటి వారంలో వచ్చి ఉంటే అని మొదలుపెట్టి, ఆపేసి, ఇప్పుడు మిగిలినది నిలబెట్టుకుందాం అంది.

ఎందుకో కోటు జేబులో నుంచి డబ్బా తీసి విమానం చూపించాను. దీపం కింద పెట్టి చూసింది. తర్వాత స్క్రీన్ మీద నా స్కాన్ చూసింది. వాపు ఎక్కడ ఉందో తీగలు కూడా అక్కడే వంగాయి, కాకపోతే ఎదురు దిక్కుకు, అంది. నెల కింద మీ కన్ను ఎలా ఉండేదో ఇది చెప్తోంది అంది. మెచ్చుకుంటున్నట్టే అంది, పాపం.

నా కుడి కంటికి లోకంలో తిన్నగా కనిపించేది ఆ విమానం ఒక్కటే.

ఎడమ కంట్లో కూడా ఈ జబ్బు మొలకలున్నాయట. రోజూ చూసుకోమని గళ్ల కార్డు ఇచ్చింది. గళ్లు వంగిన రోజునే రావాలి, మర్నాడు కాదు అని రెండుసార్లు చెప్పింది. డోరీన్ దాన్ని ఫ్రిజ్ మీద, లెటర్ ఉన్నచోటే అంటించింది.

డిసెంబరు 14

కుడి కన్నుతో విమానాన్ని చూశాను. తీగలు తిన్నగానూ లేవు, వంకరగానూ లేవు. నడుమ బూడిదరంగు మరక ఉంది. విమానం సరిగ్గా అందులో ఇమిడిపోతుంది.

గళ్ల కార్డు చూడటం లేదు. చూశానని డోరీన్‌తో చెప్తున్నాను. అమ్మను ఏమైనా అనే హక్కు నాకిప్పుడు లేదు.

డిసెంబరు 19

నెవిల్ ఇంటికొచ్చాడు. క్రిస్మస్ కేకు తెచ్చాడనుకున్నాను. ట్వీజర్స్ తెచ్చాడు. గురువుగారి రూలరు ఎక్కడుందని అడిగాడు. డ్రాయర్ అడుగు నుంచి డోరీన్ తీసిచ్చింది.

విమానం ముందు వరసలో తీగ ఒకటి పీకేశాడు. రాగి పోగు దొర్లించాడు. వాడి వేళ్లు సాసేజీలు. పోగు మూడుసార్లు కిందపడింది, నాలుగోసారి వాడి స్వెట్టర్‌లో మాయమైంది. వాడు తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. నా వంటింట్లో ఆ భాషేమిటి నెవిల్ అంది డోరీన్. ఈ దోమ కోటు కుట్టమను చూద్దాం, పాస్టరుగారైనా ఇంతకంటే పచ్చిగా తిడతాడు అన్నాడు. రెండున్నర గంటలు పట్టింది. చెమటలు పట్టాయి వాడికి.

ఆ కార్డు నువ్వు చూడవని మీ ఆవిడకు తెలుసు, నాకూ తెలుసు అన్నాడు. దీన్నైతే చూడకుండా ఉండలేవు, ఎందుకంటే వంకలు పెట్టాలిగా అన్నాడు. పొద్దున లేవగానే ఎడమ కన్నుతో ఈ తీగ చూడు. రూలరు పెట్టి వేశాను, ఇది వంగదు. ఏ రోజైనా వంగిందంటే వంగింది ఇది కాదు. ఆ నిమిషాన ముందు డోరీన్‌కు చెప్పు. నాకు తర్వాత చెప్పినా ఫర్వాలేదు. ఆ డైరీకి మాత్రం ముందు చెప్పకు గడియారం.

జిగురు ఎక్కువ పెట్టాడు. అదొక్కటే వంక.

డిసెంబరు 20

తీగ తిన్నగా ఉంది.

డిసెంబరు 25

తిన్నగా ఉంది. నెవిల్‌కు ఫోన్ చేసి జిగురు సంగతి చెప్పాను. నీ మొహం అన్నాడు.

జనవరి 8

కుడి కంటికి రెండో ఇంజెక్షన్. మరక పెరగలేదట, తరగనూ లేదట. తీగ తిన్నగా ఉంది.

జనవరి 30

తిన్నగా ఉంది. కిటికీ బయట మంచు.

ఫిబ్రవరి 10

తిన్నగానే ఉన్నట్టుంది. రెండుసార్లు చూశాను.

ఫిబ్రవరి 11, మంగళవారం, ఉదయం 7.10

నెవిల్ తీగ వంగింది.

ముందు డోరీన్‌కే చెప్పాను. కారు తీస్తోంది.