నా వ్యాసం, ప్రియ గొంతు

శుక్రవారం రాత్రి, శామీర్‌పేట

నా పరిశోధనకు తీసుకున్న ఇంగ్లీషు నవలలో పనివాళ్లకు ఒక్క పూర్తి వాక్యమైనా దక్కలేదని, వాళ్ల మాటలు ఒక్కొక్కటీ విశ్లేషించి వ్యాసం రాశాను. ఈరోజు సెమినార్‌లో నేనే చదవాల్సింది. మొదలయ్యే ముందు గైడ్ మేడమ్ పక్కకు పిలిచి, "వ్యాసం బాగుందమ్మా. నీ ఉచ్చారణే ఇబ్బంది. నీ జూనియర్ ప్రియ చదువుతుందిలే," అన్నారు.

సరే మేడమ్ అన్నాను. వెనక వరుసలో కూర్చుని నా వాక్యాలు ప్రియ గొంతులో విన్నాను. అందరితోపాటు చప్పట్లు కూడా కొట్టాను.

ఇంటికొచ్చేసరికి నాయిన వల ఆరేస్తున్నాడు.

"ఎట్ల సదివినవ్ బిడ్డా? మంచిగ ఇన్నరా?"

"మస్తు ఇన్నరు నాయినా."

"గట్లనా. నాకు గూడ జర సదివి ఇనిపియ్యి."

అర్థం కాకపోయినా వింటానని ఎదురుగా కూర్చున్నాడు. మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. తలనొప్పని చెప్పి లోపలికొచ్చాను.

తలుపేసుకుని ఒక్కదాన్నే చదవాలని ప్రయత్నించినా, ఆ వాక్యాలు నా గొంతులో రావడం లేదు...