మందు పడని పట్టీ

జూన్ 24
రాత్రి వాన. ఇప్పుడు తుంపర. పొద్దున్నే చద్దర్లు నేసే మరమగ్గాలకు, మా రెండు సాంచాలకు, నూనె వేశాను. కుంభారి ఊళ్లోని చేనులో నిన్న సోయా విత్తడం అయిపోయింది. నా భార్య పద్మకు నిద్ర లేదు — సంతోషానికో, దగ్గుకో. బీడీలు చుట్టే తంబాకు చాట ముందు ఇక కూర్చోవద్దని డాక్టర్ అన్నాకే ఆమె ఈ చేను కౌలుకు పట్టింది. బీడీలు మానాలంటే ఇది నిలవాలి. చేను మల్లప్పది. మరాఠీలో ఒకటే మాట అన్నాడు — కలుపు గింజ రాలిందా, వచ్చే ఏడు చేను లేదు.

జూన్ 25
మొలక రాకముందే కలుపు మందు కొట్టాలి. నేల తడిగా ఉంది, మంచిదే. పంపు నా వీపున. పద్మ గట్టు మీద నుంచి —
"ఎన్కకు నడువు. మందు పడ్డ జాగల కాలు పెట్టకు."
గంజి పట్టిన పడుగు మీద చేయి వేయం కదా. నేల మీదా అలాంటి పొరే. ఆమె ఇంకేమీ చెప్పనక్కరలేకపోయింది.

జూలై 2
సోయా మొలిచింది. చాళ్ల మధ్య నల్లటి నేల, ఊడ్చినట్టు. చాలాసేపు చూశాను.

జూలై 9
"ఇగో, చూడు. చద్దర్‌కు అంచు మంచిగనే ఏసినవ్."
పద్మ చూపించిన చోట, చేను నడుమ పొడుగునా ఒక పట్టీ, పచ్చగా కలుపు. నాజిల్ మూసుకుపోయి ఉంటుంది. పంపు మోటారు చప్పుడు మాత్రం ఆగలేదు. సాంచా చప్పుడు సాగితే బట్ట సాగుతున్నట్టే — చెవిని నమ్మాను. నేల ముందే తడి, కంటికి తేడా తెలియలేదు.
మళ్లీ కొడదామా అన్నాను.
"మొల్సినంక ఆ మందు పని జెయ్యదయ్యా. ఇగ ఖుర్పె పట్టుకొని కూసొని తవ్వుడే."

జూలై 13
సాంచాలు బంద్. ఇద్దరం చేనులో. ఆమె సోయా మొక్కను రెండు వేళ్లతో పక్కకు వంచి, బొరిగెలాంటి ఖుర్పె మొన కిందికి పోనిచ్చి, కలుపును వేరుతో ఎత్తుతుంది. మొక్క కదలదు. బీడీ ఆకు మలిచిన వేళ్లే... మందు పడ్డ చోటా తుంగ లేచింది. దానికి ఈ మందు లెక్కలేదు. నేను పైపైన గీకుతున్నాను.
"క్షౌరం జేస్తున్నవా ఏంది? కింద గడ్డ ఉంటది. అది తియ్యాలె."
సాయంత్రానికి పట్టీ అయింది. నా నడుము పట్టేసింది. ఆమె దగ్గలేదు. నేను అడగలేదు — అడిగితే వస్తుందేమో.

జూలై 14
మొత్తం చేను ఖుర్పెతో అయ్యేది కాదు. మందు ఒక్కటే అయితే తుంగ మిగిలేది. ఆమెకు ఇది మొదటినుంచీ తెలుసు.

జూలై 20
మల్లప్ప వచ్చాడు. పట్టీ ఎక్కడుండేదో ఆయన కనిపెట్టలేకపోయాడు. చాలు వెంబడి పోయి, వంగి, ఒక తుంగ పీకి పద్మ చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. 
"ఒక్కటే దొర్కింది పాపం, ముసలాయనకు!" — తిరుగుదారిలో కుంఠా నాకా కూడలి వచ్చేదాకా పద్మ నా బండి వెనక కూర్చుని నవ్వుతూనే ఉంది.

జూలై 22
ముసురు. బీడీ కార్ఖానా మనిషి గుమ్మంలో — ఆకు, తంబాకు మళ్లీ ఎప్పుడు తీసుకుంటావని పద్మను అడిగాడు.
"పంట కోసినంక అడుగన్నా."
చాట అటక మీదే ఉంది. వచ్చే ఏటి సంగతి మల్లప్ప ఇంకా చెప్పలేదు. వాన తెరిపి ఇస్తే తుంగ మళ్లీ లేస్తుంది. నా ఖుర్పెకు పదును పెడుతుంటే పద్మ చూసింది.  తనది కూడా తెచ్చి నా ముందు పెట్టింది. రెండూ అయ్యేసరికి పొద్దెక్కింది, సాంచాలకు నూనె ఇంకా వేయనేలేదు.