పెద్ద కార్డుకే చెప్పాను

శ్రీశైల్, అన్నం గిన్నెలో ఉంది, వేడి చేసుకుని తిను. నీ మందుగోళీలు ఇకమీదట ఇంట్లో ఉంచను. మధ్యాహ్నానికి ఒక్కటి పక్కింటి మహానందక్క తెచ్చిస్తుంది. లోపలి గడియ పెట్టకు.

నీ కంప్యూటర్‌కు చిన్న గ్రాఫిక్స్ కార్డు చాలన్నావు. నేను పెద్దదానికి చెప్పాను. షాపు బసవరాజ్ వద్దనే అన్నాడు. "మీ తమ్మునిది తక్కువ ధర సస్తా ప్రాసెసర్ అక్కా. గీ కార్డు పెడితే సగం ఊకెనే కూసుంటది. వచ్చే ఏడు ప్రాసెసర్ మారుస్తడంటె తీస్కో."

మొన్న నిన్ను అదే అడిగితే, "వచ్చే ఏటి ముచ్చట నాకెందుకక్కా" అని నవ్వావు. నువ్వు చిన్నదాన్ని ఎంచుకున్నది పొదుపు కోసం కాదని అప్పుడు అర్థమైంది. ఆసుపత్రిలో నువ్వు కళ్ళు తెరవకముందు కూడా నాకంత భయం వేయలేదు. అందుకే ఆ చిన్న కార్డును చేత్తో ముట్టుకోలేకపోయాను. పెద్దది సగం ఊరికే ఉన్నా సరే, వచ్చే ఏటి ప్రాసెసర్ కోసం ఎదురుచూడనీ.

హుమ్నాబాద్‌లో డ్యూటీ అయ్యాక, వస్తూ తెస్తాను. నీకేం తెలుసక్కా అని ఎంతైనా తిట్టు.

యశోద

తిట్టేందుకైనా నేను వచ్చేసరికి ఉండు. అంతే.