ఆసంతు, బసంతు

భావనపాడు,
సోమవారం.

తారకేశ్వరరావు మేష్టారికి లోకనాథం నమస్కారాలు.

మీరు టెక్కలి పేపర్లో రాసే 'రోజుకో ముక్క'ని వలల పాక దగ్గర అందరికీ చదివి వినిపించేది నేనే. ఆక్టోపస్‌కి మూడు గుండెలని మీరు రాసిన రోజు మా ఆవిడ కన్నమ్మ నా వైపు చూసి, "మనిసికి ఒక్కటే. అదీ సరిగ్గా వాడడు" అంది.

ఇప్పుడు మీతో పనిపడింది. మా హరిబాబుకి గోపాల్‌పూర్ నుంచి సంబందం వచ్చింది. పిల్ల పేరు ధరణి. ఒడిశా సంబందం, మంచి మనుషులు అని ఫోన్లో చెప్పి మధ్యవర్తి తిరుపతి వెళ్ళిపోయాడు. ఆదివారం పిల్ల తల్లిదండ్రులు మా ఇల్లు చూడ్డానికి వస్తున్నారు. అబ్బాయి చెన్నై బోటు మీద ఉన్నాడు. మా ఇద్దరికీ ఒడియా రాదు. పిల్ల ఫోటో చూసిన దగ్గర్నుంచి కన్నమ్మ ఇంకో సంబందం మాట ఎత్తనివ్వడం లేదు. నాలుగు ఒడియా మాటలు రాసి పంపండి.

ఇట్లు,
లోకనాథం

తా.క.: ఫోన్ చేద్దామనుకున్నాను. మీ ముక్క కింద 'ఉత్తరాలు మాత్రమే' అని ఉంది.

టెక్కలి,
బుధవారం.

శ్రీ లోకనాథం గారికి ఆశీస్సులు.

పదకొండేళ్ళలో నా శీర్షికకు వచ్చిన మూడో ఉత్తరం మీది. మొదటి రెండూ కరెంటాఫీసుకు రాసినవి, దారితప్పి నాకు చేరాయి.

'ఆసంతు' అంటే రండి. 'బసంతు' అంటే కూర్చోండి. ఈ రెండూ నేర్చుకోండి. అసలు ప్రమాదం వేరే చోట ఉంది. మన గాలి ఒడియా వాళ్ళ చెవికి తిట్టులా వినిపిస్తుంది. "మా ఇంట్లో పొద్దస్తమానం గాలే" అన్నారంటే పిల్లనెవరిస్తారు? మన పోక, అంటే వక్క, వాళ్ళ భాషలో పురుగు. పళ్ళెం చాపి "పోక తీసుకోండి" అన్నారో, పరుగెత్తుతారు. ఆదివారం ఈ రెండు మాటలూ మీ ఇంట్లో వినపడకూడదు.

శుభాభిలాషి,
తారకేశ్వరరావు,
విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు

తా.క.: 'సంబందం' అని మూడుసార్లు రాశారు. ఒత్తు ధ పెట్టకపోతే సంబంధం నిలబడదు.

భావనపాడు,
సోమవారం.

మేష్టారికి నమస్కారాలు.

ఒత్తు పెట్టినా సంబంధం నిలబడలేదు.

గుమ్మంలోనే "ఆసంతు, బసంతు" అన్నాను. వాళ్ళిద్దరూ మొహమొహాలు చూసుకుని, ఒడియాలోనే ఏదో అని కూర్చున్నారు. ఆ తర్వాత నా దగ్గర మాటలైపోయాయి. ఊరికే ఉంటే బాగుండదని మళ్ళీ "బసంతు" అన్నాను. పాపం, లేచి మళ్ళీ కూర్చున్నారు.

గాలి మాట ఎక్కడ వచ్చేస్తుందోనని కన్నమ్మ నోరే విప్పలేదు. పోక కంటపడితే పేరు పలుకుతామని తాంబూలం పళ్ళెం మొత్తం బియ్యం డబ్బా వెనక దాచేసింది. వాళ్ళు టీ తాగి, ఇంకా ఏదో రావాలన్నట్టు అరగంట కూర్చున్నారు. చివరికి దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు. సాయంత్రం మధ్యవర్తి ఫోన్ చేసి, మీకు ఇష్టం లేదట కదా అని నన్నే కేకలేసి పెట్టేశాడు.

కన్నమ్మ రాత్రి అన్నం తినలేదు. "ఆ పిల్లే నా కోడలు. ఏటి సేత్తావో సెయ్యి" అంది. వాళ్ళ చిరునామా కాగితం వెనక రాశాను, మీరే ఏదో ఒకటి చెయ్యాలి.

లోకనాథం

తా.క.: ఫోటో తిరిగి ఇచ్చెయ్యాలా అని హరిబాబు అడిగాడు. ఇవ్వననీ వాడే చెప్పాడు.

టెక్కలి,
గురువారం.

లోకనాథం గారికి,

తప్పు మాటది కాదు, వాడకానిది. బసంతు రెండుసార్లు అనమని నేను రాయలేదు.

అయినా బాధ్యత నాది. నిఘంటువు ముందు పెట్టుకుని, మీ పేరున, ఒడియా లిపిలో క్షమాపణ లేఖ రాసి గోపాల్‌పూర్‌కి పంపించాను. మూడు పేజీలు వచ్చింది. మొదటి రెండు పేజీల్లో కళింగ చరిత్ర ఉంటుంది. క్షమాపణ మూడో పేజీలో. ఉత్తరం చేరాక మీరిద్దరూ స్వయంగా వెళ్ళండి.

తారకేశ్వరరావు

తా.క.: ఈ సంబంధం చెడితే 'రోజుకో ముక్క' మానేస్తాను. మా ఎడిటర్‌కి చెప్పకండి, సంతోషిస్తాడు.

భావనపాడు,
మంగళవారం.

మేష్టారికి కన్నమ్మ, లోకనాథం నమస్కారాలు.

ఆదివారం పలాసలో రైలెక్కి, బరంపురంలో దిగి, బస్సులో గోపాల్‌పూర్ వెళ్ళాం. వాళ్ళింటి అరుగు మీద ధరణి మీ ఉత్తరం తల్లికి చదివి వినిపిస్తోంది. రెండో పేజీలో ఉంది. మేం వీధిలో ఆగిపోయాం. తల్లి అంటోంది: "సాలమ్మా, ఆపీ. తాంబూలమైనా ఎట్టకుండా పంపించేసినారు. ఆ ఒడియావోల్లింట్లో నిన్నిచ్చేత్తే నాను ఎవుల్తో మాటాడాల?"

తెలుగు, మేష్టారూ. మన తెలుగు.

కన్నమ్మ వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకుంది. "వదినా, మేవూ తెలుగోలమే" అంది. ఇద్దరూ కాసేపు ఏడ్చారు, ఆ తర్వాత చీకటి పడేదాకా మాట్లాడుకున్నారు. పిల్ల తాత మన జిల్లా డొంకూరు నుంచి అక్కడికి చేపల వేటకి వెళ్ళి ఉండిపోయాడట. నా ఆసంతు విని వాళ్ళు మమ్మల్ని ఒడియా వాళ్ళనుకున్నారు. తాంబూలం రాకపోయేసరికి మాకిష్టం లేదనుకున్నారు. వచ్చే నెల నిశ్చితార్థం. మీరు తప్పకుండా రావాలి.

లోకనాథం

తా.క.: ధరణి చదువంతా ఒడియాలో సాగింది, తెలుగు అక్షరాలు రావు. నేను పేపరు ఫోటో తీసి పంపుతుంటే, హరిబాబు ఫోన్లో మీ ముక్కతో ఆ పిల్లకి అక్షరాలు నేర్పుతున్నాడు. రోజుకి ఒకటి బొత్తిగా చాలడం లేదట. రెండు రాయడం కుదురుతుందేమో కనుక్కోమన్నాడు.