చుట్టాలకి వేసిన పక్కలు

లిల్లెవేర్ దీవి,
ఏప్రిల్ 24

ప్రియమైన నాన్నకి,

నీ ఉత్తరం శనివారం పడవలో వచ్చింది. కాళ్ళనొప్పి పూర్తిగా తగ్గిందని రాశావు గానీ అక్షరాలు కుంటుతున్నాయి, కాబట్టి నేను నమ్మను. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీ అల్లుడు ఎయిలర్ట్ సుత్తికి గుడ్డ చుట్టుకుని పైకప్పు బాగుచేస్తున్నాడు. మీ మనవరాలు సునీవాకి ముందుపన్ను ఊడింది, దాన్ని అగ్గిపెట్టెలో దాచి వచ్చిన ప్రతి అతిథికీ చూపిస్తోంది. మన పిల్లి పాస్టరు, అదే మెడ కింద తెల్లపట్టీ ఉన్నందుకు ఆ పేరు పెట్టామే, మొన్న వచ్చిన దంపతులు పెట్టె తెరవగానే అందులో దూరి నిద్రపోయింది. దాన్ని లేపడం ఇష్టంలేక పాపం వాళ్ళు రెండు రోజులు ఒకటే బట్టల్లో తిరిగారు. తల్లిలేని గొర్రెపిల్ల ఒకటి వంటింట్లో పొయ్యి పక్కన పెరుగుతోంది. పొద్దున్నే నేను అతిథులకి వాఫుల్స్ వేస్తుంటే అది నా గౌను అంచు నములుతూ నిలబడుతుంది.

సుత్తికి గుడ్డ ఎందుకని అడుగుతావు. నువ్వు వచ్చింది ఆకురాలే కాలంలో, అందుకని మా వసంతం నీకు తెలియదు. ఏప్రిల్ మధ్య నుంచి జూన్ చివరిదాకా ఈ దీవిలో ఎవరూ పరుగెత్తరు, అరవరు, తలుపు ధడాలున వెయ్యరు, రంగుబట్టలు బయట ఆరెయ్యరు. గుమ్మం దాటితే అందరం అదే బూడిదరంగు కోటు. అతిథుల కోసం కూడా అలాంటివి ఆరు కొక్కేలకి తగిలించి ఉంచాను. ఇదంతా ఈడర్ బాతుల కోసం. ఏడాదంతా సముద్రంలో బతికే అడవి బాతులవి. ఈ రెండు నెలలు మాత్రం ఒడ్డెక్కి, మనుషులు కట్టిన చిన్న చిన్న గూళ్ళలోకి వాటంతట అవే నడిచొచ్చి గుడ్లు పెడతాయి. మనం కాకుల నుంచి కాపలా కాస్తాం. అవి తమ రొమ్ము మీది నూగు పీకి గుడ్ల కింద పరుచుకుని, వెళ్ళిపోయేటప్పుడు ఆ నూగు మనకి వదిలేసి వెళ్తాయి. ఈ ఒప్పందం ఎవరు ఎప్పుడు రాసుకున్నారో గానీ, వందల ఏళ్ళుగా రెండు పక్షాలూ తప్పలేదు. మొదటిసారి విన్నప్పుడు నేను ఎయిలర్ట్ కోతలు కోస్తున్నాడనుకున్నాను.

అత్తయ్యకి నలభై గూళ్ళున్నాయి. కొట్టుకొచ్చిన చెక్కలతో, రాళ్ళతో, పాత పడవల ముక్కలతో కట్టినవి. ప్రతి వసంతం ఆవిడ సముద్రపు నాచు ఎండబెట్టి, దులిపి, మోకాళ్ళ మీద పాక్కుంటూ ఒక్కో గూటిలో పక్క వేస్తుంది. మధ్యలో పిడికిలితో ఒత్తి గుంట చేస్తుంది. డెబ్బై ఆరేళ్ళు ఆవిడకి. నేను మేడ మీద నాలుగు గదుల్లో దుప్పట్లు మారుస్తూ కిటికీలోంచి చూస్తుంటాను. ఒకే ఇంట్లో ఇద్దరం పక్కలు వేస్తాం. ఆవిడ లెక్కలో బాతులు చుట్టాలు, నా అతిథులు బాడుగవాళ్ళు. బాడుగవాళ్ళు వస్తున్నారు. చుట్టాలే రావడం లేదు.

వాళ్ళత్తగారి కాలంలో రెండువందల బాతులు వచ్చేవట. నేను కాపురానికి వచ్చేసరికి పదిహేను. గదులు అద్దెకివ్వడం మొదలుపెట్టిన ఏడే నువ్వు కుక్కపిల్లని, మన ట్రుల్స్‌ని, కోటు జేబులో పెట్టుకుని తెచ్చావు. ఆ మరుసటి ఏడు ఆరు బాతులు, ఆ పై ఏడు రెండు. గత మూడేళ్ళుగా ఒక్కటి కూడా లేదు. అత్తయ్య నన్ను ఒక్క మాట అనలేదు నాన్నా. అదే నన్ను తినేస్తోంది. అరిస్తే జవాబు చెప్పుకోవచ్చు. ఉలుకూ పలుకూ లేకుండా నాచు దులిపే మనిషికి ఏం చెప్పుకోను? పోయిన ఆదివారం మాత్రం పక్కింటావిడతో కాఫీ తాగుతూ అన్నది నా చెవిన పడింది. "కుక్క ఉన్న ఇంటికి పక్షి ఎందుకొస్తుందమ్మా" అంది. నేను తలుపవతల వెన్న గిన్నె పట్టుకుని నిలబడిపోయాను.

ఇదివరకు ప్రతి వసంతం ట్రుల్స్‌ని అవతలి ఒడ్డున ఎయిలర్ట్ పెత్తండ్రి కొడుకింటికి పంపేవాళ్ళం. అతను ఈ ఏడు టౌనులో మూడో అంతస్తుకి మారిపోయాడు. అందుకని వీణ్ణి పడవల కొట్టం వెనక గొలుసుతో కట్టేశాం. తిరగేసిన సగం పడవ ఒకటుంటే అందులో గడ్డి వేశాను, అదే వాడి ఇల్లు. పొద్దున్న ఎంగిలి చేపతలలు తీసుకుని నేను వెళ్ళేసరికి తోక ఊపుతాడు గానీ మొరగడు. మొరగకూడదని ఎవరు చెప్పారో వాడికి.

నేనొక నిర్ణయానికి వచ్చాను. మే నెలాఖరు పడవలో ట్రుల్స్‌ని నీ దగ్గరకి పంపేస్తాను. వసంతానికి కాదు, శాశ్వతంగానే. మీ అల్లుడికి చెప్తే, కుక్క కోసం ఏడ్చేది నువ్వే, పంపేది నువ్వే అని నవ్వి ఊరుకున్నాడు. సునీవాకి వేసవి వరకేనని చెప్తాను. అది అబద్ధమని నాకూ తెలుసు. అయినా కాపురానికొచ్చిన కోడలు ఈ ఇంటికి చుట్టాల్ని లేకుండా చేసిందన్న మాట నాకొద్దు. నీకు బరువనిపిస్తే వెంటనే రాయి.

నీ
టోరున్


లిల్లెవేర్,
మే 18

నాన్నా,

ట్రుల్స్ వస్తానంటే పొయ్యి పక్క చోటు సిద్ధం చేశానని రాశావు. చదివి ఏడ్చాను. ఇప్పుడు రాసేది నెమ్మదిగా చదువు, ఎందుకంటే నేనే ఇంకా పూర్తిగా నమ్మలేదు.

పోయిన బుధవారం పొద్దున చేపతలల గిన్నెతో కొట్టం మూల తిరిగాను. ఒడ్డున మగబాతు నీళ్ళలో ఆగి ఉంది, తెల్లగా, పెళ్ళికొడుకులా. ఆడది నడిచొస్తోంది. గోధుమరంగు బాతు, పొట్టి కాళ్ళు, మార్కెట్టుకి బయల్దేరిన ముసలమ్మలా అటూ ఇటూ ఊగుతూ వస్తోంది. అత్తయ్య వేసిన పక్కల్లో మొదటి దానిలోకి తొంగి చూసింది. రెండోది చూసింది. మూడోదాంట్లో కూర్చుని లేచింది. నా చేతిలో గిన్నె, ఒక కాలు గాల్లో, ఊపిరి ఎక్కడో. అది తిన్నగా ట్రుల్స్ వైపు నడిచింది.

వాడు లేచి నిలబడ్డాడు. అయిపోయింది అనుకున్నాను. గొలుసు పొడవు నాకు తెలుసు, వాడి నోరు ఎంత దూరం అందుతుందో తెలుసు. బాతు వాడి ముక్కుకి మూరెడు దూరంలో ఆగి వాణ్ణి చూసింది. ఎంతసేపో చెప్పలేను. వాడు తల దించి, పక్కకి రెండడుగులు వేసి, పడవలోంచి బయటికి వచ్చేశాడు. అది లోపలికి వెళ్ళి వాడి గడ్డిలో కూర్చుంది. నా ఒళ్ళంతా పులకరించింది నాన్నా. చర్చిలో కూడా నాకెప్పుడూ అలా కాలేదు.

ఇప్పుడు అయిదు గుడ్లున్నాయి, ఆకుపచ్చగా. ఆరోజు నుంచి ట్రుల్స్ బయట వానలో పడుకుంటున్నాడు. పిల్లగా ఉన్నప్పుడు గిన్నెలో వెన్న మిగిలిస్తే నన్ను తోసేసి నాకిన కుక్క అది!

అత్తయ్యకి చెప్పలేదు. చెప్పడానికి రెండుసార్లు వెళ్ళి వెనక్కొచ్చాను. ఆవిడ నలభై పక్కలు వేస్తే చుట్టం వెళ్ళి కుక్క గడ్డిలో కూర్చుందని ఏ నోటితో చెప్పను? పైగా కుక్క ఎంతైనా కుక్కే. ఈరోజు బుద్ధిగా ఉన్నాడని రేపు ఉంటాడా? ఒక్క క్షణం చాలు. మూడేళ్ళ తర్వాత వచ్చిన ఒకే ఒక్క బాతుని నా కుక్క చంపితే ఇక నేను ఈ ఇంట్లో తలెత్తుకోగలనా? అందుకని నిర్ణయం మారలేదు, తొందరయింది. ఈ మంగళవారం పడవకే పంపేస్తున్నాను.

నిన్న జాతీయ దినం. దేశమంతా బాజాలు మోగిస్తుంటే మా దీవి పిల్లలు తొమ్మిదిమంది జెండాలు పట్టుకుని, బూడిద కోట్లు వేసుకుని, గుసగుసగా పాట పాడుకుంటూ ఊరేగారు. హాలండ్ నుంచి వచ్చిన అతిథి వీరింగా గారు టోపీ తీసి, నోరు తెరుచుకుని చూస్తుండిపోయారు. సునీవా ఊరేగింపు నుంచి తిన్నగా కొట్టం వెనక్కి వెళ్ళి, తన జెండాని వానకి అడ్డంగా ట్రుల్స్ మీద కప్పి వచ్చింది. అంటే గుడ్ల సంగతి దానికీ తెలుసు. నాతో అనలేదు. ఈ ఇంట్లో అందరికీ అత్తయ్య రోగమే పట్టుకుంది.

మంగళవారం సాయంత్రం రేవు దగ్గర ఉండు.

నీ
టోరున్


లిల్లెవేర్,
జూన్ 16

అన్నయ్యగారికి,

మీ వియ్యపురాలు పెట్రీన నమస్కారాలు. నాకు రాయడం అలవాటు లేదు. మీ అమ్మాయి రాస్తానంది, వద్దన్నాను. ఇది నేనే రాయాలి. ఆ మంగళవారం మీరు రేవులో నిలబడి ఉత్తచేతులతో ఇంటికి వెళ్ళారు. అందుకు క్షమాపణ నేనే చెప్పుకోవాలి.

బాతు సంగతి నాకు తెలియదని మీ అమ్మాయి అనుకుంది. ఆ బాతు మొదటి గూటిలోకి తొంగి చూసినప్పుడే నేను వంటింటి కిటికీలోంచి చూశాను. చుట్టాల కోసం యాభై వసంతాలు కిటికీ దగ్గర కూర్చున్నదాన్ని, ఆ ఒక్కరోజు నిద్రపోతానా? అది కుక్క దగ్గరకి ఎందుకు వెళ్ళిందో కూడా నాకు తెలుసు. తెలుసు గనుకే నోరు విప్పలేదు.

నలభై ఏళ్ళ కిందట మా ఆయన అవతలి ఒడ్డు నుంచి మింకుల్ని తెచ్చాడు. ముంగిసలాంటి నల్ల జంతువులు, బొచ్చు కోసం పెంచేవాళ్ళు. కొట్టం వెనక పంజరాల్లో పదమూడు. ఒక రోజు గాలివానకి పంజరాలు పగిలాయి. చచ్చిపోయాయని ఊళ్ళో చెప్పాం. చావలేదు. అవి చేపలా ఈదుతాయి, పాములా దూరుతాయి, గూటిలో కూర్చున్న తల్లిని గుడ్ల మీదే చంపుతాయి. కుక్క ఉన్న చోటికి మాత్రం రావు. మిగతా దీవులకి అవి ఈదుకుంటూ వచ్చాయి, మా దీవికి మేమే పడవలో తెచ్చుకున్నాం. ఏడాదికేడాది బాతులు తగ్గుతుంటే ఊరంతా సముద్రాన్ని తిట్టింది. మేమిద్దరం తల వంచుకుని నాచు దులిపాం. ఆయన ఈ మాట కడుపులో పెట్టుకునే పోయాడు. తర్వాత మీరు కుక్కపిల్లని తెచ్చారు. బాతులు రాకపోవడానికి అందరికీ ఒక కారణం దొరికింది. నేను కాదనలేదు. పక్కింటావిడతో నా నోటితోనే అన్నాను కూడా. మీ అమ్మాయి విన్నదని ఆరోజు తెలియదు. తెలిసినా కాదని ఉండేదాన్నో లేదో, ఈ వయసులో అబద్ధం ఎందుకు.

మంగళవారం పొద్దున మీ అమ్మాయి కుక్కని విప్పి రేవుకి తీసుకెళ్ళింది. పోనీలే, నిజం బయట పడకుండానే అంతా సర్దుకుంటుంది అనుకున్నాను. నా గురించి మీకు తెలియాల్సింది ఇదే. కాఫీ కప్పు తీసుకుని బాతు ఉన్న సగం పడవ దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. అరగంట కాలేదు, రాళ్ళ మధ్య నుంచి నల్లగా మింకు వచ్చింది. వారం నుంచి ఎక్కడ పొంచి చూస్తోందో. నా కప్పు దాని మీద విసిరాను, చెప్పు విసిరాను. అది రాళ్ళ వెనక్కి తగ్గింది గానీ పోలేదు. బాతు కదలలేదు. నన్ను చూసింది అన్నయ్యగారూ. కోపం లేదు, భయం లేదు. నా కాపలావాణ్ణి ఏం చేశావు అన్నట్టు చూసింది.

హాలండ్ పెద్దాయన అటుగా వస్తుంటే చేతిలో కర్ర పెట్టి, ఇక్కడే నిలబడండి అని చెప్పి పరుగెత్తాను. ఒంటికాలి చెప్పుతో. యాభై వసంతాల్లో నేను పరుగెత్తడం అదే మొదలు. గట్టు మీద నుంచి అరిచాను కూడా. దీవి అంతా తలుపులు తెరుచుకుని చూసింది. పడవ తాడు అప్పటికే విప్పుతున్నారు. సునీవా కుక్క మెడ పట్టుకుని ఏడుస్తోంది, నన్ను చూసి పన్నూడిన నోటితో, "నానమ్మా, అరవకూడదు కదా" అంది.

మీ అమ్మాయి తెల్లబోయింది. అత్తయ్యా, ఏమైంది అని అడిగింది. "కుక్కని దించవే అమ్మాయ్" అన్నాను. "చుట్టం దాని కోసమే వచ్చింది. తప్పు నీ కుక్కది కాదు, మాది." అక్కడే, రేవులోనే, పడవవాళ్ళు వింటుండగా మింకుల సంగతంతా చెప్పాను. మా అబ్బాయి కూడా అక్కడే ఉన్నాడు. వాడికీ అప్పుడే తెలిసింది. మీ అమ్మాయి తిడుతుందనుకున్నాను. ఆరేళ్ళు నా పాపం మోసింది గదా, తిట్టినా పడేదాన్ని. అది కిందికి చూసి, "మీకు ఒక కాలికి చెప్పు లేదు" అని తన చెప్పు విప్పి ఇచ్చింది. ఇద్దరం ఒక్కో కాలికి ఒక్కో చెప్పుతో ఇంటికి నడిచాం, మధ్యలో కుక్క.

మేం వచ్చేసరికి వీరింగా గారు కర్ర ఎత్తి పట్టుకుని అలాగే నిలబడి ఉన్నారు, ముక్కు కారుతున్నా తుడుచుకోకుండా. ఇంకో వారం ఉండిపోయారు. ఆయన్ని ఇకమీదట బాడుగవాడు అనను.

మొన్న పదకొండో తారీకున గుడ్లు పగిలి పిల్లలొచ్చాయి. అయిదుకి అయిదూ. ఒళ్ళు ఆరేదాకా తల్లి ఉంచి, పొద్దున కాఫీల వేళకి బయల్దేరదీసింది. ఇంటివాళ్ళమూ, అతిథులూ బూడిద కోట్లలో రాళ్ళలా నిలబడ్డాం. పిల్లి పాస్టరుని అతిథుల్లో ఒకావిడ పెట్టెలో పెట్టి మూత వేసింది. తల్లి ముందు, పిల్లలు వెనక. దారికి అడ్డంగా కుక్క పడుకుని ఉంది. లేస్తే తొక్కేస్తానని భయమేమో, కళ్ళు మూసుకుంది. నాలుగు చుట్టూ తిరిగి వెళ్ళాయి. అయిదోది వాడి ముందుకాళ్ళ మీదుగా ఎక్కి, దిగి, నీళ్ళకి పోయింది. నేను చాలా బాతుల్ని సముద్రానికి సాగనంపాను. ఇలాంటిది చూడలేదు. అన్నీ తెలుసనుకున్నాను, నాకేమీ తెలియదు.

వచ్చే ఏటికి గూళ్ళ మధ్యలో ఇంకో రెండు కుక్కల్ని కట్టాలంటున్నాడు మా అబ్బాయి. మింకులకి బోనులు తెప్పిస్తున్నాం. మీ పొయ్యి పక్క చోటు ఖాళీగా ఉంచకండి, ఆ చోటు నుంచి లేచి మీరే రండి. మీకు కింది గది, మెట్లు ఎక్కక్కర్లేదు. పక్క నేను వేస్తాను.

ఈ కవరులో పొట్లం ఆ ఒక్క గూటి నూగు. పిడికిట్లో పెట్టుకుని కాసేపు ఉంచండి, దాని వేడి మీకే తెలుస్తుంది. కిటికీ దగ్గర విప్పకండి, ఎగిరిపోతుంది. నూగులో నాచు పీచు ఒక్కటి మిగిలినా మా అత్తగారు మళ్ళీ ఏరించేది, నేనూ మీ అమ్మాయి చేత అలాగే ఏరించాను. ఇందులో నాచు లేదు. నల్ల వెంట్రుకలు కనిపిస్తాయి, కుక్కవి. అవి మాత్రం నేను ఏరలేదు.

మీ చెల్లెలు
పెట్రీన