మనవాణ్ణని చెప్పలేదు

అక్టోబర్, శుక్రవారం రాత్రి
ఓడ హాలిఫాక్స్ వదిలాక

కెనడాలోని ఏజాక్స్ నుంచి వచ్చిన ఆ తెలుగు అంకుల్‌కి, ఆంటీకి మొదటిరోజే చెప్పేయాల్సింది, నాది కాకినాడ అని. వాళ్ళ కేబిన్ సర్దేది నేనే. నా నేమ్ బ్యాడ్జి మీద ‘డానియల్, ఇండియా’ అని చూసి కేరళవాణ్ణో, గోవావాణ్ణో అనుకున్నారు. నేనూ ఊరుకున్నా. మనవాడని తెలిస్తే ఇంక పక్కలు సర్దనివ్వరు, కూర్చోబెట్టి ఊరు, చర్చి, పెళ్ళి అన్నీ అడుగుతారు.

దాంతో నేను కేబిన్ తుడుస్తుంటేనే కూతురి విడాకుల గురించి తెలుగులో మాట్లాడుకునేవాళ్ళు. ఆంటీ ఏడ్చేవారు. నేను దిండ్లు దులుపుతూ ఉండేవాణ్ణి. ఏం మనిషిని నేను!

పొద్దున ఓడ హాలిఫాక్స్‌లో ఆగి ఉండగా టీ తీసుకెళ్ళా. అంకుల్ ఛాతీ పట్టుకుని కూర్చున్నారు, ఒళ్ళంతా చెమటలు. “డాక్టర్‌కి చెప్పకే, ఇక్కడే దించేస్తారు. ఇంగ్లండ్ దాకా ఓడలో వెళ్ళాలని ఎన్నేళ్ళ కోరిక,” అంటున్నారు ఆంటీతో. హాలిఫాక్స్ దాటితే ఇంగ్లండ్ దాకా నీళ్ళే.

“వద్దు అంకుల్, నేను డాక్టర్‌ని పిలుస్తున్నానండీ,” అనేశా, తెలుగులో.

ఆయన కళ్ళు మూసుకున్నారు. ఆంటీ నన్నే చూస్తూ, “అయితే అన్నీ విన్నావా బాబూ?” అన్నారు.

ఆయన్ని అంబులెన్స్‌లో తీసుకెళ్ళారు. ఎలా ఉందో మాకెవరూ చెప్పరు. నేను అడిగినా చెప్పరు.

ఆయన వెనకాలే ఆంటీ కూడా దిగిపోతుంటే సూట్‌కేసులు కిందిదాకా తెచ్చిచ్చి, “జాగ్రత్తండీ ఆంటీ,” అన్నా.

ఆవిడ నావైపు చూడకుండానే, “థాంక్యూ ఫర్ ఎవ్రీథింగ్, డానియల్,” అన్నారు. మొదటిరోజు మాట్లాడినట్టే, ఇంగ్లీషులో.