తలుపు దగ్గరి బల్ల

స్టోనీ ఫోర్డ్ కాలనీ, మానిటోబా
ఈస్టర్ తరవాతి మంగళవారం

ప్రియమైన కుమార్తె జస్టినాకు,

దేవుని శాంతి నీ గుమ్మానికి లోపలా బయటా ఉండాలని కోరుతూ నాన్న రాసేది. ఇక్కడ మేమందరం క్షేమం. ఒంటి మటుకు అది నిజమే. నీవు, జోనస్, మీ అత్తమామలు కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం మట్టల ఆదివారానికి ముందు రోజు అందింది. అడిగినవాటికి వరసగా జవాబు రాస్తున్నాను. నది మీద మంచు పోయిన గురువారం విరిగింది. నీళ్ళు బంగాళాదుంపల నేలమాళిగ మెట్లదాకా వచ్చి ఆగాయి. పెద్దబాతులు పొదిగాయి. నీ సబ్బు విరిగిపోవడానికి కారణం కొవ్వు చల్లారకముందే సోడా కలపడమట. ఇది అమ్మ మాట, నాకు సబ్బు సంగతి తెలియదు. మీ చెల్లి డొరొథియాకు మట్టల ఆదివారం నాడు బాప్తిస్మం అయింది. అడిగిన ప్రశ్నలన్నిటికీ తడబడకుండా జవాబు చెప్పింది, మోకాళ్ళ మీద ఉన్నప్పుడు మాత్రం రెండుసార్లు తుమ్మింది. ఆగస్టులో నీ కాన్పుకు అమ్మ వచ్చి ఆరు వారాలు ఉంటుంది. బరువులెత్తకు.

ఇక నీ ఆఖరి ప్రశ్న. ఆండ్రియాస్ బాబాయిని మళ్ళీ పందుల కొట్టంలో ఎందుకు పెట్టారు, మీకు పౌరుషం లేదా అని అడిగావు. మీ మామగారు ఇప్పటికీ భోజనాల దగ్గర నిన్ను రేడియోవాళ్ళ పిల్ల అంటున్నారని, బాబాయి ఊసు ఇంక నీకు రాయవద్దని కూడా రాశావు. వద్దన్నా ఈ ఉత్తరం ఆయన సంగతి చెప్పడానికే రాస్తున్నాను. చివరిదాకా చదువు. మధ్యలో పొయ్యిలో పడేయకు.

నీకు తెలిసిందే మళ్ళీ మొదటినుంచి చెబుతాను. నీకు తెలిసింది సగమే.

పోయిన సంవత్సరం మే నెలలో, నీ ప్రధానానికి మూడు రోజుల ముందు, ఎండ ఒక్కసారిగా ముదిరింది. మిట్టమధ్యాహ్నం పందుల కొట్టంలో ఫ్యాన్లు ఆగిపోయాయి. ఫ్యాన్లు ఆగితే అలారం మోగాలి, మోగలేదు. మేం భోజనం చేసి వెళ్ళేసరికి మూడువందల పైచిలుకు పందులు ఊపిరాడక చచ్చి ఉన్నాయి. చీకటి పడేదాకా ట్రాక్టరుతో ఈడ్చాం. అప్పుడు దొరికింది, దాణా తొట్టి వెనక గోనె కింద, చిన్న రేడియో. అలారం ప్లగ్గు పీకి, దాని బదులు రేడియో ప్లగ్గు పెట్టి ఉంది. రేడియో ఉండటమే మన దగ్గర తప్పు. దానివల్ల సంఘం సొత్తు నాశనం కావడం ఇంకా పెద్ద తప్పు.

కొట్టానికి పెద్దను నేను, నా కింద పనిచేసేవాడు ఆండ్రియాస్. మూడోవాడు లోపలికి రాడు. మర్నాడు సాయంత్రం ప్రార్థన తరవాత పెద్దలు మా ఇద్దరినీ నిలబెట్టారు. బోధకుడు పాల్ అన్న రేడియోను బల్లమీద పెట్టి, "ఇది ఎవరిది?" అన్నాడు.

"శిక్ష నాకు వెయ్యండి" అన్నాడు ఆండ్రియాస్.

ఆపైన ఎవరూ ఏమీ అడగలేదు. మనలో తల వంచినవాణ్ణి తిరిగి ప్రశ్నించరు కదా, తన తరఫున వాదించుకునేవాణ్ణే అనుమానిస్తారు. ఆండ్రియాస్‌కు రెండు వారాలు వెలి పడింది. ఒంటరిగా పడక, ఒంటరిగా తిండి, ఎవరితోనూ పలుకు లేదు, ప్రార్థనలో తలుపు దగ్గరి బల్లమీద కూర్చోవడం. నీ ప్రధానం నాడు బాబాయి ఆ బల్లమీదే ఉన్నాడు. నీ పెళ్ళికి మేమంతా డకోటా వచ్చాం, వెలి ఇంకా తీరక ఆయన రాలేదు. ఇంతవరకు నీకు తెలుసు.

ఆ రేడియో నాది.

మూడేళ్ళుగా ఉంది. ధాన్యం లారీవాడి దగ్గర రెండు పెద్దబాతులిచ్చి తీసుకున్నాను. హాకీ వినడానికి, ఇంకెందుకూ కాదు. ముందురోజు సాయంత్రం మన విన్నిపెగ్ జట్టు ఆడుతోంది. ఆట మధ్యలో ప్రార్థన గంట కొట్టారు. రేడియో మీద గోనె కప్పి పరుగెత్తాను. అలారం ప్లగ్గు మళ్ళీ పెట్టడం మరిచిపోయాను.

పాల్ అన్న అడిగినప్పుడు చెప్పడానికే నోరు తెరిచాను. ఆండ్రియాస్ ముందు మాట్లాడాడు. నేను నోరు మూసుకున్నాను. ఎందుకో నీకు అర్థమయ్యే ఉంటుంది. ఎల్లుండి నీ ప్రధానం. వెలిలో ఉన్న తండ్రికి సంఘం ముందు నిలబడి కూతుర్ని ఇస్తున్నానని చెప్పే హక్కు ఉండదు. మీ మామగారు ఎటువంటి మనిషో అప్పటికే విన్నాం. పెళ్ళి ఆగిపోయేదే. అయితే అదొక్కటే కారణమని రాస్తే మళ్ళీ అబద్ధమవుతుంది. నాకు ఆ బల్లంటే సిగ్గు వేసింది. ఆండ్రియాస్ అబద్ధమాడలేదు, రేడియో తనదని అనలేదు. నోరు తెరవకుండా అబద్ధమాడినవాణ్ణి నేను.

పదకొండు నెలలు ఎలా గడిచాయో నీకు చెప్పి జాలి అడగను. వయసు వరసలో నా పక్కన కూర్చునేది వాడే. ప్రార్థనలో వాడి మోచెయ్యి, భోజనంలో వాడి చెంచా, మళ్ళీ కొట్టంలో వాడి ఈల. ఒక్క రోజు కూడా ఎత్తిపొడవలేదు. ఎత్తిపొడిస్తే బాగుండేది.

మొన్న శుభ శుక్రవారం పాల్ అన్న ప్రసంగం చదివాడు. ఏటా చదివేదే, మూడువందల ఏళ్ళ కిందట మనవాళ్ళు చేత్తో రాసింది, ఒక్క మాట మారదు. ఏ తప్పూ చేయని కుమారుడు తప్పు చేసినవాళ్ళ బదులు దెబ్బలు తిన్న చోటికి వచ్చేసరికి నేను నా బూట్లవైపు చూస్తూ కూర్చున్నాను. యాభై ఏళ్ళుగా ఆ చోట నేను నెమ్మదిగా తలూపేవాణ్ణి. నా పక్కన ఆండ్రియాస్ కునికిపాట్లు పడుతున్నాడు.

శనివారం పొద్దున పాల్ అన్న దగ్గరికి వెళ్ళాను. సోమవారం ప్రభు భోజనం, ఏడాదికి ఒక్కసారి. మనసులో ఏదైనా పెట్టుకుని ఆ రొట్టె ముట్టకూడదు. ఆయన వసారాలో బూట్లకు జిడ్డు రాస్తున్నాడు. అంతా చెప్పాను. ఆయన రాయడం ఆపలేదు.

"ఊఁ. అయితే ఏం చెయ్యమంటావు?"

"వెలి వెయ్యండి. రెండు వారాలు, నాలుగు వారాలు, మీ ఇష్టం."

"దేనికి?"

"దేనికేమిటన్నా? పందులకి. రేడియోకి. తమ్ముణ్ణి ఆ బల్లమీద కూర్చోబెట్టినందుకు."

"పందులకి, రేడియోకి శిక్ష అయిపోయింది. నేనే వేశాను, నేనే ఎత్తేశాను. ఒక తప్పుకి రెండుసార్లు వెయ్యమంటావా? ఏ పుస్తకంలో ఉంది?"

"శిక్ష పడింది తప్పు చెయ్యనివాడికి!"

"నిన్న నేను చదివిందేమిటి ఎలియాసూ? నిద్రపోయావా?"

"నిద్రపోయింది వాడు. నేను విన్నాను."

"విన్నావుగా. మరి వచ్చి నన్నేం అడుగుతావు?"

నాకు ఒళ్ళు మండింది. అది వేరు, ఇది వేరు అన్నాను. ఎలా వేరో చెప్పమన్నాడు. వసారా మెట్టుమీద కూలబడ్డాను. అప్పుడాయన బూటు కింద పెట్టి, "దాచిపెట్టినందుకు రేపు సంఘం ముందు నిలబడి ఒప్పుకో. అది నీ వంతు. బల్ల మాత్రం ఇవ్వను. నువ్వు తమ్ముడి ముందు తల వంచుకుని బతకలేక దాన్ని అడుగుతున్నావు" అన్నాడు. "సోమవారం భోజనానికి రా. రాకపోతే అప్పుడు వేస్తాను వెలి."

ఆ ఆఖరి మాటకు ఒక్క క్షణం ఆశ పుట్టింది, చూడు నా బుద్ధి. తల వంచుకుని బతకలేకే బల్ల అడుగుతున్నానని ఆయన అన్నది నిజమేనేమో. నిజమైతే నాకు ఇంకా కోపం.

అటునుంచి అటే ఆండ్రియాస్ దగ్గరికి వెళ్ళాను. నేలమాళిగ ముందు బస్తామీద కూర్చుని విత్తనం దుంపలు కోస్తున్నాడు.

"పాల్ అన్నకి చెప్పేశాన్రా."

"అయ్యో. ఎందుకూ? అయిపోయినదాన్ని."

"నీకు అయిపోయింది. నాకు కాలేదు."

"నాకు బాగానే ఉందన్నయ్యా. రెండు వారాలు ఎవడూ పనికి పిలవలేదు. పెళ్ళాం లేనివాణ్ణి, ఒంటరి పడక నాకు కొత్తా?" ఇంకో దుంప తీసుకున్నాడు. "అది సరేగాని, ఆ రోజు ఎవరు గెలిచారు?"

"ఏ రోజు?"

"ఆ రోజే. హాకీ."

"నాకు తెలీదు. మధ్యలో గంట కొట్టారు."

కత్తి పక్కన పెట్టి నావైపు చూశాడు. "మూడువందల పందులు చచ్చాయి. నేను పద్నాలుగు రోజులు నోరు కుట్టుకుని కూర్చున్నాను. ఎవరు గెలిచారో కూడా తెలీదా నీకు? సిగ్గులేదూ?"

నేను నవ్వలేదు. వాడే నవ్వాడు. తిట్టరా, ఒక్కసారి తిట్టు అన్నాను. నా మీద కోపం లేదన్నాడు. నేను వదల్లేదు. ఏదో ఒకటి బాధపెట్టే ఉంటుంది కదా, చెప్పు అని గట్టిగా అడిగాను. చాలాసేపు దుంపలు కోశాడు.

"ఒక్కటే. ప్రధానం నాడు పిల్ల ఆ తలుపులోంచే బయటికెళ్ళింది. గౌను అంచు నా బూటుకి తగలకుండా పక్కకి పట్టుకుంది." కత్తి తుడుచుకుంటూ, "చిన్నది, దానికేం తెలుసు" అన్నాడు. వెంటనే, "సంఘంలో చెప్పుకుంటే చెప్పుకో. పిల్లకి మాత్రం రాయకు. కాన్పు కానీ" అన్నాడు.

వాడి మాట వినడం లేదు. ఒకసారి ఆగితే పదకొండు నెలలు ఆగాను. పైగా మనవాళ్ళెవరో ఒకరు మీ వైపు వచ్చి, మీ మామగారి భోజనాల బల్ల దగ్గరే చెబుతారు. నీకు తెలియాల్సింది నా చేతి రాతతో.

అమ్మకు శనివారం రాత్రే చెప్పాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఈ వారంలో నాకు న్యాయంగా జరిగింది అదొక్కటే. ఈ పొద్దున కాఫీ తెచ్చిచ్చింది, అదీ అయిపోయింది.

ఆదివారం సంఘం ముందు నిలబడి చెప్పాను. బయటికి వస్తుంటే ఒక్కరైనా మొహం తిప్పుకుంటారనుకున్నాను. వరసగా వచ్చి చెయ్యి కలిపారు. ముసలి డారియస్ తాత నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని వదలడే. నా చెయ్యి లాక్కుని ఇంటికి వచ్చేశాను. ఇది క్షమాపణ అయితే, పుచ్చుకోవడం ఇంత కష్టమని ఎవరూ నాకు చెప్పలేదు. చెప్పే ఉంటారు, ఏటా చదువుతూనే ఉన్నారు.

సోమవారం వెళ్ళకూడదనే అనుకున్నాను. గంట కొట్టాక కూడా కుర్చీలోంచి లేవలేదు. ఆండ్రియాస్ వచ్చి, కొక్కేనికున్న నా నల్లకోటు తీసి పట్టుకుని నిలబడ్డాడు. నేను లేవకపోతే వాడి పక్కన నా చోటు ఖాళీగా ఉంటుంది. లేచాను.

రొట్టె పళ్ళెం వరసలో వచ్చింది. నేను విరిచిన ముక్క పెద్దదయింది. నోట్లో పెట్టుకున్నాను, గొంతు దిగలేదు. పళ్ళెం నా చేతుల్లోనే ఉండిపోయింది. అందరూ చూస్తున్నారు. ఆండ్రియాస్ ఎదురుగా చూస్తూనే, పెదవులు కదపకుండా అన్నాడు:

"మింగు అన్నయ్యా. వెనక అరవైమంది ఉన్నారు."

మింగాను. పళ్ళెం వాడికి అందించాను.

జస్టినా, ఈ ఉత్తరం జోనస్‌కు చదివి వినిపించు. తరవాత మీ మామగారికి కూడా ఇవ్వు. ఆయన నిన్ను అనబోయే మాటలు నావల్ల పడతావు, అది నాకు తెలుసు. బాబాయికి విడిగా ఒక ఉత్తరం రాయి. ఏం రాయాలో నేను చెప్పను. నాకు రాసేటప్పుడు మాత్రం తొందరపడకు. సంఘం వదిలేసింది, వాడు వదిలేశాడు, అమ్మ కాఫీ ఇచ్చింది. నువ్వైనా నన్ను వెంటనే క్షమించకు.

ఇట్లు,
నీ తండ్రి
ఎలియాస్ వాల్డ్‌నర్